వేదిక ఎవరిది? యూజ్‌నెట్ నుంచి మాస్టడాన్ దాకా

1975 డిసెంబరు 1న, ఎమర్జెన్సీ రోజుల్లో, హైదరాబాదు ముషీరాబాదు జైలులో కిష్టాగౌడ్, భూమయ్యలను ఉరితీశారు. ఆదిలాబాదు జిల్లా రైతులు వాళ్ళు. ఆ ఉరిని నిరసిస్తూ గోరఖ్ పాండే హిందీలో ఒక కవిత రాశాడు. తిండీ బట్టా న్యాయమూ అడిగినవాడికి ఉరే జవాబు అనే పాలకుల కేకనే కవితకు పల్లవిగా తీసుకుని, ఆ కేక వెనక దాగిన భయాన్ని బయటపెట్టాడు. వ్యంగ్యమంటే ఏమిటో చెప్పడానికి సాహిత్య విద్యార్థుల ముందు పెట్టదగిన కవిత.

సరిగ్గా ఆ వ్యంగ్యమే అర్థం కాలేదు, ఒక కంపెనీకి. 2019 అక్టోబరు చివర సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ట్విట్టర్ ఖాతా నిలిచిపోయింది. మొదటిసారి కారణం ఒక ఫొటో. 1936లో హాంబర్గ్ ఓడల కార్ఖానాలో జనమంతా నాజీ వందనం చేస్తుంటే చేతులు కట్టుకుని నిలబడ్డ ఆగస్ట్ లాండ్‌మెస్సర్ ఫొటో అది. నాజీలను ధిక్కరించినవాడి బొమ్మ ద్వేష చిహ్నంగా లెక్కకు వచ్చిందన్నమాట! ఖాతా తెరిచి మళ్ళీ మూశారు. రెండోసారి కారణం గోరఖ్ పాండే కవిత. ఎప్పుడో ఆయన దాన్ని పంచుకుని ఉన్నాడు, "ఉరితీయండి" అనే మాటతో. ఉరిని నిరసించిన కవిత, ఉరితీయమని రెచ్చగొట్టే రాతగా మారిపోయింది. కవితను చదివింది మనిషో యంత్రమో మనకు తెలియదు. ఎవరు చదివినా తీర్పు చెప్పింది కాలిఫోర్నియాలోని ఒక ప్రైవేటు కంపెనీ నిబంధనల పుస్తకం.

ఆ వారమే మరో కలహం కూడా మొదలైంది. పేరు పక్కన నీలి గుర్తు ఎవరికిస్తున్నారు, ఎవరికివ్వడం లేదు అని దళిత, ఆదివాసీ, వెనకబడిన కులాల రచయితలు, పత్రికా రచయితలు నిలదీశారు. నీలి గుర్తులో కులం ఉందన్నారు. ఈ రెండు కోపాలూ కలిసి 2019 నవంబరులో మన దేశం నుంచి వేలమందిని మాస్టడాన్ అనే మరో వేదికకు తోలాయి. చాలామందికి ఆ పేరు వినడం అదే మొదలు. మాస్టడాన్ అంటే అంతరించిపోయిన ఏనుగు జాతి జంతువు. వేదికకు ఆ పేరు పెట్టినవాడు జర్మనీలో ఉన్న యూజెన్ రోచ్‌కో అనే కుర్రవాడు. 2016 అక్టోబరులో దాన్ని లోకం ముందుంచాడు.

ఈ వేదిక ప్రత్యేకత ఏమిటి? దానికి ఒక కేంద్రం లేదు. ప్రోగ్రాము ఉచితం, దాని రాత బహిరంగం. ఒక కంప్యూటరు, కొంత సాంకేతిక పరిజ్ఞానం, నెలనెలా కొంత డబ్బు ఉన్న ఎవరైనా తమ సొంత సర్వరు పెట్టుకోవచ్చు. ఒక్కో సర్వరు ఒక్కో ఊరు. ఊరి కట్టుబాట్లు ఊరివే. కాని ఊరికీ ఊరికీ దారి ఉంది. ఈ సర్వరులో ఉన్నవాడు ఆ సర్వరులో ఉన్నవాడి రాతలు చదవగలడు, జవాబివ్వగలడు. ఈ రాకపోకలకు ఉమ్మడి నియమావళి ఒకటుంది. యాక్టివిటీపబ్ అని దాని పేరు. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ 2018 జనవరిలో దాన్ని ఆమోదించింది. యజమాని లేడు, వ్యాపార ప్రకటన లేదు, ఏది ముందు చూపాలో నిర్ణయించే రహస్య లెక్క లేదు.

విన్నంతలో ఉత్సాహం కలగని రచయిత ఉండడు. కాని ఉత్సాహపడేముందు ఒక విషయం గుర్తుంచుకోవాలి. కేంద్రం లేని వేదిక అనే ఆలోచన కొత్తది కాదు. ట్విట్టర్, ఫేస్‌బుక్‌లు పుట్టడానికి పాతికేళ్ళ ముందే అటువంటి వేదిక ఒకటి పుట్టింది, పెరిగింది, ప్రపంచమంతా అల్లుకుంది, క్షీణించింది. ఆ చరిత్రలో తెలుగువాళ్ళ భాగం కూడా ఉంది. దాని పేరు యూజ్‌నెట్.

1979లో అమెరికాలో కంప్యూటర్లను కలిపే పెద్ద వల ఒకటుండేది. అది ఆర్పానెట్. దాని సొమ్ము రక్షణ శాఖది. రక్షణ శాఖ కాంట్రాక్టులున్న విశ్వవిద్యాలయాలకే అందులో ప్రవేశం. ఉత్తర కరోలినా రాష్ట్రంలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి ఆ భాగ్యం లేదు. అక్కడ చదువుకుంటున్న టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనే ఇద్దరు విద్యార్థులు ఇంకో దారి వెతికారు. యూనిక్స్ వ్యవస్థతో పాటు వచ్చిన ఒక చిన్న ప్రోగ్రాము, టెలిఫోను తీగ మీద ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకు ఫైళ్ళు పంపగలదు. దాన్నే ఆధారం చేసుకున్నారు. పక్క ఊళ్ళోని విశ్వవిద్యాలయంలో చదివే స్టీవ్ బెలోవిన్ మొదటి ప్రోగ్రాము రాశాడు. 1980 జనవరిలో కొలరాడోలో జరిగిన యూనిక్స్ వాడకందార్ల సమావేశంలో దీన్ని అందరికీ ప్రకటించారు. పేదవాడి ఆర్పానెట్ అని దాన్ని వాళ్ళే పిలుచుకున్నారు.

పని తీరు సులభం. ఒక కంప్యూటరు రాత్రిపూట, టెలిఫోను చార్జీలు తక్కువగా ఉన్న వేళ, పొరుగు కంప్యూటరుకు ఫోను చేస్తుంది. నా దగ్గర లేనివి నువ్వివ్వు, నీ దగ్గర లేనివి నేనిస్తాను. తెల్లవారేసరికి ఆ పొరుగు కంప్యూటరు తన పొరుగుకు చేస్తుంది. ఇలా చేతులు మారి చేతులు మారి ఒక రాత దేశమంతా తిరిగేది. ప్రతి చోటా దాని ప్రతి ఒకటి మిగిలేది. మూలప్రతి అంటూ లేదు. ఒక చోట తగలబెట్టినంత మాత్రాన మాట చావదు. రోజుకు ఒకటో రెండో రాతలు వస్తాయని ఆ విద్యార్థులు అంచనా వేసుకున్నారు. ఇంత పొరపాటు అంచనా వేసినవాళ్ళు కంప్యూటర్ల చరిత్రలో కూడా తక్కువే.

ఇక్కడే మనం ఆగి చూడవలసింది ఉంది. పద్ధతిలో కేంద్రం లేదు. నిజమే. కాని టెలిఫోను బిల్లు ఎవరు కట్టారు? ఖండం ఈ చివర నుంచి ఆ చివరకు దూరపు కాల్స్ ఎవరు చేశారు? బెల్ ల్యాబ్స్, డిజిటల్ ఎక్విప్‌మెంట్ వంటి పెద్ద కంపెనీల కంప్యూటర్లు, కొన్ని పెద్ద విశ్వవిద్యాలయాలు. వాటి నిర్వాహకులు తమ సంస్థల బిల్లుల్లో ఈ ఖర్చును కలిపేశారు. చాలాచోట్ల పైవాళ్ళకు ఆ సంగతి పట్టలేదు. ఆ కొద్ది యంత్రాలనే వెన్నెముక అన్నారు. వెన్నెముక మోసేవాళ్ళకు ఏ గుంపు ఉండాలో ఏది ఉండకూడదో చెప్పే అధికారం తనంతట తాను వచ్చింది. ఎవరూ ఎన్నుకోలేదు, ఎవరూ నియమించలేదు. జనం వాళ్ళను వెన్నెముక ముఠా అని ఎగతాళి చేశారు. అటువంటి ముఠా లేనే లేదని వాళ్ళే పరిహాసమాడారు.

1986, 87 సంవత్సరాల్లో ఈ ముఠా యూజ్‌నెట్ గుంపులన్నిటికీ పేర్లు మార్చింది. కంప్యూటర్లు, శాస్త్రం, వినోదం, సమాజం వగైరాగా ఏడు పెద్ద శాఖలు చేసింది. వివాదాల గుంపులను వేరే శాఖలో పడేసింది. ఖర్చు భరించలేని సర్వర్లు, ముఖ్యంగా సముద్రం అవతల యూరపువి, ఆ శాఖను తేలికగా వదిలించుకోవచ్చునని దాని ఉద్దేశాల్లో ఒకటి. బిల్లు కట్టేవాడి దృష్టిలో ఇది న్యాయమే. మాట్లాడేవాడి దృష్టిలో? మాదకద్రవ్యాల గురించి చర్చించే గుంపుకు చోటు దొరకలేదు. వంటకాల గుంపు నడిపే బ్రయన్ రీడ్‌కు తన గుంపుకు పెట్టిన పేరు నచ్చలేదు. 1987 మేలో ఆయన, జాన్ గిల్మోర్, గార్డన్ మోఫెట్ కాలిఫోర్నియాలో ఒక బార్బెక్యూ హోటల్లో కూర్చుని, వెన్నెముకతో నిమిత్తం లేకుండా తమ సర్వర్ల మధ్యే కొత్త శాఖ ఒకటి పెట్టుకున్నారు. అదే ఆల్ట్ శాఖ. కొద్ది కాలంలోనే అది అన్నిటికంటే పెద్దదయింది.

వికేంద్రీకరణ చేసిన వాగ్దానానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. తిరగబడి విడిపోదలచినవాడికి అనుమతి అక్కరలేదు. పాత వేదికను కూల్చనక్కరలేదు, పాఠకులను పోగొట్టుకోనక్కరలేదు. అయితే విడిపోగలిగింది ఎవరు? సొంత సర్వర్లున్న ముగ్గురు. సర్వరు లేనివాడు అలిగితే ఇంటికి పోవలసిందే.

తెలుగువాళ్ళ దగ్గరకు వద్దాం. సమాజ శాఖలో దేశదేశాల సంస్కృతులకు గుంపులుండేవి. భారతీయ సంస్కృతి గుంపు ఒకటి, దాన్ని అనుసరించి 1990ల మొదట్లో తెలుగు గుంపు ఒకటి వెలిశాయి. అమెరికాలో పై చదువులకు వెళ్ళిన విద్యార్థులు, అక్కడ ఉద్యోగాల్లో కుదురుకున్న ఇంజనీర్లు అందులో పద్యాల మీద, వ్యాకరణం మీద, సినిమా పాటల మీద, రాజకీయాల మీద తెగ వాదించుకున్నారు. తెలుగు లిపి కంప్యూటరు మీద కనిపించని రోజులవి. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో చదివే తెలుగు విద్యార్థులు ఒక పద్ధతి తయారు చేశారు. ఇంగ్లీషు చిన్న అక్షరం త, పెద్ద అక్షరం ట. చిన్నది న, పెద్దది ణ. ఆర్‌టీఎస్ అని పిలిచే ఆ పద్ధతిలో కందాలూ సీసాలూ రాసుకున్నారు. చూడడానికి అష్టావక్రంగా ఉండేది. అలవాటు పడ్డవాళ్ళు కళ్ళతో ఇంగ్లీషు చూస్తూ మనసులో తెలుగు చదివేవాళ్ళు. ఇంటర్నెట్ మీద తెలుగు సాహిత్య చర్చకు తొలి రోజుల చోట్లలో అదొకటి.

ఆ పందిట్లో ఎవరు కూర్చున్నారన్నది మాత్రం దాచుకోవలసిన సంగతి కాదు. మన దేశంలో సామాన్యుడికి డబ్బు పెట్టి కొనుక్కునే ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న గాని రాలేదు. వచ్చాక కూడా కొన్నేళ్ళపాటు అది కొన్ని నగరాలకే. అంతకుముందు కొన్ని విద్యాసంస్థలకే ఆ సౌకర్యం. అనంతపురంలోనో సిరిసిల్లలోనో కవిత రాస్తున్నవాడికి ఆ గుంపు ఉన్నట్టు కూడా తెలియదు. కేంద్రం లేని వేదికకు గుమ్మం మాత్రం ఉంది. గుమ్మం దాటడానికి ఇంజనీరింగు చదువు, అమెరికా వీసా కావలసి వచ్చాయి. పందిట్లో జరిగిన చర్చల్లో భూమి గురించీ కులం గురించీ ఏం మాట్లాడగలరో, ఏం మాట్లాడలేరో ఈ గుమ్మమే చాలావరకు నిర్ణయించింది.

యూజ్‌నెట్ పతనం 1993 సెప్టెంబరుతో మొదలైందని పాతవాళ్ళంటారు. అంతకుముందు ఏటా సెప్టెంబరులో కాలేజీల్లో చేరిన కొత్త విద్యార్థులు గుంపుల్లోకి వచ్చి మర్యాద తెలియక గొడవ చేసేవాళ్ళు. నెల తిరిగేసరికి సర్దుకునేవాళ్ళు. అమెరికా ఆన్‌లైన్ వంటి వ్యాపార సంస్థలు తమ లక్షల చందాదార్లకు తలుపు తెరిచాక ఆ వెల్లువ ఆగలేదు. దానికి అంతులేని సెప్టెంబరు అని పేరు పెట్టారు. ఈ పేరు మీద నాకు కొంచెం అనుమానముంది. జనం రావడమే విపత్తు అని ఏడ్చే గొంతులో పాత అగ్రహారపు యాస వినిపిస్తుంది.

నిజమైన దెబ్బ వ్యాపారం కొట్టింది. 1994 ఏప్రిల్‌లో అరిజోనాకు చెందిన కాంటర్, సీగెల్ అనే లాయరు దంపతులు, అమెరికా గ్రీన్‌కార్డు లాటరీకి తాము దరఖాస్తులు నింపిపెడతామన్న ప్రకటనను ఒకేసారి ఐదువేలకు పైగా గుంపుల్లో వేశారు. మొక్కల గుంపులోనూ గ్రీన్‌కార్డే, సంగీతం గుంపులోనూ గ్రీన్‌కార్డే. జనం మండిపడ్డారు. దంపతులు చలించలేదు సరికదా, ఇలా ప్రకటనలు వేసి సంపాదించడం ఎలాగో చెబుతూ పుస్తకం అచ్చు వేశారు. వాళ్ళకు ప్రకటన ఖర్చు దాదాపు శూన్యం. దాన్ని మోసే ఖర్చు ప్రతి సర్వరుదీ, చదివి పారేసే శ్రమ ప్రతి పాఠకుడిదీ. ఎవరూ యజమాని కాని చోట చెత్త ఊడ్చే బాధ్యత ఎవరిది? ఎవరికి వారు చీపురు పట్టుకున్నారు. ప్రకటనలను రద్దుచేసే ప్రోగ్రాములు పుట్టాయి. ఆ చీపురుతోనే గిట్టనివాడి రాతలు కూడా ఊడ్చేసే దొంగలు బయలుదేరారు. ఇంతలో బొమ్మలూ సినిమాలూ ముక్కలు చేసి పంపుకోవడానికి యూజ్‌నెట్ దొంగదారి అయింది. ఖర్చు పెరిగింది, పేరు చెడింది. 2008లో న్యూయార్కు అటార్నీ జనరల్ ఒత్తిడి మీద పెద్ద ఇంటర్నెట్ కంపెనీలు దాన్ని పూర్తిగానో కొంతగానో వదిలేశాయి. 2010 మే 20న, పుట్టినింట్లోనే, డ్యూక్ విశ్వవిద్యాలయం తన యూజ్‌నెట్ సర్వరును ఆపేసింది.

మరి ఇరవై ముప్పై ఏళ్ళ రాతలు ఏమయ్యాయి? ప్రతి చోటా ప్రతి మిగిలేదన్నాను. మిగిలేది, డిస్కులో చోటున్న కొద్ది రోజులే. తరువాత పాతవి చెరిపి కొత్తవాటికి చోటిచ్చేవాళ్ళు. మొదటి పదేళ్ళ రాతలు చాలావరకు దక్కడానికి కారణం టొరాంటో విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర శాఖలో పనిచేసిన హెన్రీ స్పెన్సర్. 1981 నుంచి 1991 దాకా ఆయన 141 టేపుల మీద వాటిని భద్రం చేశాడు. తన ఉద్యోగంలో అది భాగం కాదు. 1995 నుంచి డెజాన్యూస్ అనే కంపెనీ రాతలను పోగు చేసింది. 2001 ఫిబ్రవరిలో ఆ పోగును గూగుల్ కొన్నది. స్పెన్సర్ టేపులు కూడా అందులోనే చేరాయి. ఎవరి సొత్తూ కాని మాట, చివరకు ఒక కంపెనీ గోదాములోకి వెళ్ళింది. 2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ యూజ్‌నెట్‌తో సంబంధం తెంచుకుంది. పాతవి చదువుకోవచ్చు, కొత్తవి రావు.

తెలుగు గుంపు రాతలు ఆ గోదాములోనే ఉన్నాయి. ఆర్‌టీఎస్ పద్ధతిలో ఉన్నాయి. అంటే ఇవాళ ఒక పరిశోధక విద్యార్థి తెలుగు లిపిలో ఒక పద్యపాదం కొట్టి వెతికితే అవి దొరకవు. తాళపత్రాలను వెతుక్కుంటూ పల్లెలు తిరిగినవాళ్ళ గురించి గొప్పగా చెప్పుకునే మనం, ముప్పై ఏళ్ళ కిందటి ఈ రాతలను ఎత్తిరాసి, తెలుగు లిపిలోకి మార్చి, ఒక గ్రంథాలయంలో పెట్టే పని ఇంకా చేయవలసే ఉంది. మారిన చేతులన్నిటిలో ఏ ఒక్కటీ తెలుగు విశ్వవిద్యాలయానిది కాదు.

యూజ్‌నెట్ తరువాత కథ త్వరగా చెప్పుకోవచ్చు. ఈ-మెయిల్ పద్ధతిలో ఇప్పటికీ కేంద్రం లేదు. అయినా సొంతంగా మెయిల్ సర్వరు పెట్టుకున్నవాడి ఉత్తరాన్ని పెద్ద కంపెనీలు అనుమానంగా చూసి చెత్తబుట్టలో వేస్తాయి. అందుకని అందరం రెండు మూడు కంపెనీల గుమ్మాల్లోనే నిలబడ్డాం. వెంటవెంట మాట్లాడుకోవడానికి 1999లో జాబర్ అనే బహిరంగ పద్ధతి వచ్చింది. 2005లో గూగుల్ తన టాక్‌ను ఆ పద్ధతి మీదే కట్టింది. మరుసటి ఏడు ఇతర సర్వర్లతో రాకపోకలు కూడా తెరిచింది. చిన్న సర్వర్లవాళ్ళు సంబరపడ్డారు. తమ స్నేహితులంతా గూగుల్ వైపుకు చేరాక, 2013లో ఆ కంపెనీ కొత్త సరుకు తెచ్చి తలుపు మూయడం మొదలుపెట్టింది. ఈ అనుభవం గుర్తున్నవాళ్ళే, 2023 జూలైలో మెటా కంపెనీ థ్రెడ్స్ మొదలుపెట్టి మాస్టడాన్ నియమావళినే తానూ పాటిస్తానన్నప్పుడు ఉలిక్కిపడ్డారు. ఐదు రోజుల్లో పది కోట్ల ఖాతాలు చేరిన వేదిక అది. అప్పటికి కొన్ని నెలల ముందు మాస్టడాన్ మొత్తానికి నెలవారీ వాడకందార్లు అత్యధికంగా పాతిక లక్షలు. చాలా చిన్న సర్వర్లు థ్రెడ్స్‌ను రానివ్వబోమని ముందే ప్రతిజ్ఞ చేశాయి. తొందరపాటు అన్నారు కొందరు. జాబర్ కథ తెలిసినవాడు అలా అనడు.

ఆ పాతిక లక్షల మంది ఎక్కడినుంచి వచ్చారు? 2022 అక్టోబరు 27న ఇలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు ట్విట్టర్‌ను కొన్నాడు. ఒక మనిషి ఒక సభాస్థలిని, అందులో మాట్లాడుతున్న జనంతో సహా, కొనవచ్చునని అప్పుడు లోకానికి తెలిసివచ్చింది. డిసెంబరుకల్లా మాస్టడాన్ నిండిపోయింది. కొన్ని నెలల్లో చాలామంది వెనక్కి పోయారు. 2019లో వచ్చిన మనవాళ్ళలో కూడా ఎక్కువమంది అంతకుముందే అలా వెనక్కి పోయినవాళ్ళే. ఏ సర్వరులో చేరాలి అన్న మొదటి ప్రశ్న దగ్గరే సగంమంది ఆగిపోయారు. తక్కినవాళ్ళకు అక్కడ పాఠకులు కనిపించలేదు. వీళ్ళను సౌకర్యాలకు అమ్ముడుపోయినవాళ్ళని తిట్టడం సులభం. రాసేవాడు చదివేవాళ్ళున్న చోటికి పోతాడు. చిన్న పత్రికకు రాసే కవి కూడా పెద్ద పత్రిక ఆదివారం అనుబంధం వైపు ఓరగా చూస్తూనే ఉంటాడు కదా.

ఉన్నవాళ్ళకు యూజ్‌నెట్ సమస్యలే కొత్త రూపంలో ఎదురయ్యాయి. సర్వరు నడిపేవాడు జీతం లేని మనిషి. ఉద్యోగం నుంచి ఇంటికి వచ్చి, రాత్రి కూర్చుని ఫిర్యాదులు చదవాలి, బూతులు తీసేయాలి, పాడైనవి బాగుచేయాలి. వేలమంది ఉన్న ఒక సర్వరును దాని నిర్వాహకుడు 2023లో మూసేశాడు. ఒక వీడియో ఆట మీద మొదలైన తగాదాలో తిట్లు పడలేక, విసిగిపోయి. మూడు నెలల ముందు నోటీసు ఇచ్చాడు, అది అతని మర్యాద. అదే ఏడు మే నెలలో అమెరికా పోలీసు సంస్థ ఎఫ్‌బీఐ, అరాజకవాదుల కోలెక్టివా సర్వరు నిర్వాహకుల్లో ఒకరి ఇంటిని వేరే కేసులో సోదా చేసింది. తీసుకుపోయిన వస్తువుల్లో ఆ సర్వరు సమాచారం మొత్తం, సంకేతలిపిలో కూడా లేకుండా, ఉంది. వేలమంది ఉత్తరాలు ఒక ఇంట్లో డిస్కు మీద ఉన్నాయని వాళ్ళకు అప్పుడు తెలిసింది. 2024లో క్వీర్ అనే పేరుతో నడిచే ఇంకో సర్వరు చిరునామాను అఫ్ఘానిస్తాన్ ప్రభుత్వం రద్దు చేసింది. చిరునామా చివర ఉన్న అక్షరాలు ఆ దేశానివి కావడమే కారణం. ముద్దుగా ఉందని పెట్టుకున్న పేరు తాలిబాన్ చేతిలో ఉందన్నమాట.

తెరిచిన తలుపులోంచి మనవాళ్ళే వస్తారన్న హామీ కూడా లేదు. 2014లో ఐసిస్ ముష్కరులు ట్విట్టర్ వెళ్ళగొడితే డయాస్పోరా అనే వికేంద్రీకృత వేదికకు చేరారు. 2010లో న్యూయార్కు విద్యార్థులు నలుగురు చందాలు పోగుచేసి మొదలుపెట్టిన వేదిక అది. వాళ్ళను తీసేయడానికి మాకు మీట అంటూ ఒకటి లేదు, ఒక్కొక్క సర్వరు వాళ్ళనూ బతిమాలుకోవాలి అని చెప్పుకోవలసి వచ్చింది. 2019లో అమెరికా మితవాదుల గ్యాబ్ వేదిక మాస్టడాన్ ప్రోగ్రామునే వాడుకుంది. ప్రోగ్రాము అందరిదీ, కాబట్టి వాళ్ళదీ. కాని ఇక్కడ వికేంద్రీకరణ తన బలాన్ని చూపించింది. ఎక్కువ సర్వర్లు ఎవరికి వారు నిర్ణయించుకుని గ్యాబ్‌కు దారి మూశాయి. గ్యాబ్ బతికింది గాని ఒంటరి అయింది. ఒక కంపెనీ యజమాని తలచుకుంటే జరిగే బహిష్కారం కాదిది. వందల చోట్ల వందల మంది విడివిడిగా చేసిన పని. ఈ తేడాను చిన్నచూపు చూడకూడదు.

పిల్లల మీద జరిగే అత్యాచారాల బొమ్మల విషయంలో మాత్రం ఆ బలం చాలలేదు. 2023లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పెద్ద సర్వర్లను రెండు రోజులు పరిశీలించి, సుమారు 3 లక్షల 25 వేల రాతల్లో, అప్పటికే పోలీసు రికార్డులకెక్కిన అటువంటి బొమ్మలు 112 పట్టుకున్నారు. పెద్ద కంపెనీలు ఈ పనికి యంత్రాలనూ జీతగాళ్ళనూ పెడతాయి. రాత్రి ఇంట్లో కూర్చున్న నిర్వాహకుడికి ఆ యంత్రాలు అందుబాటులో లేవు.

ఇక భాష, కులం. మాస్టడాన్ తన జాబితాలో చేర్చుకునే సర్వర్లకు 2019లో ఒక నిబంధన పెట్టింది. జాతి వివక్ష, స్త్రీ ద్వేషం, స్వలింగుల మీద, ట్రాన్స్ వ్యక్తుల మీద ద్వేషం, వీటిని చురుగ్గా అదుపు చేయాలి. మంచి నిబంధన. అందులో కులం లేదు. రాసినవాళ్ళకు దురుద్దేశం ఉందని కాదు, వాళ్ళ ఊళ్ళో ఆ మాట వినపడలేదు. ట్విట్టర్‌తో కులం మీద తగాదాపడి వచ్చినవాళ్ళు చేరింది ఈ నిబంధన కిందకే! ఒక తెలుగు కులదూషణ జర్మనీ సర్వరులో ఫిర్యాదుగా చేరిందనుకుందాం. చూసేవాడికి అక్షరాలు తెలియవు. యంత్రానువాదం చేయిస్తే అందులో వచ్చేది ఒక వృత్తి పేరు. చెప్పులు కుట్టడమో బట్టలుతకడమో. ఇందులో తప్పేముంది అనుకుని పక్కన పెడతాడు. గోరఖ్ పాండే కవితకు జరిగిందే ఇక్కడ తలకిందులుగా జరుగుతుంది. అక్కడ నిరసన ద్వేషంగా కనిపించింది, ఇక్కడ ద్వేషం సాధారణ మాటగా కనిపిస్తుంది. దీనికి మందు తెలుగు తెలిసినవాళ్ళు నడిపే సర్వరే. ఆ సర్వరులో ఫిర్యాదులు చదివేవాడిది ఏ కులమన్న ప్రశ్న వెంటనే వస్తుంది, రావాలి కూడా.

తెలుగును చూసుకున్న స్వదేశీ వేదిక ఒకటి ఉండేది. 2020లో కన్నడంతో మొదలై తెలుగుతో సహా అనేక భాషల్లో నడిచిన కూ. అది మామూలు కంపెనీయే. పెట్టుబడిదార్ల డబ్బుతో నడిచింది. ఏలినవారికి దగ్గరైంది. మంత్రులు అందులో చేరి ప్రచారం చేశారు. పెట్టుబడి ఆగాక, కొనేవాళ్ళు దొరకక, 2024 జూలైలో మూతపడింది. భాషలన్నిటికీ ఒకే గోడ, ఆ గోడ ఒకేసారి కూలింది.

రాజ్యం సంగతి వేరే చెప్పాలి. 2021 ఫిబ్రవరిలో రైతుల ఉద్యమం నాడు ప్రభుత్వం ఒక్క కంపెనీకి ఉత్తర్వు ఇస్తే కిసాన్ ఏక్తా మోర్చా, కారవాన్ పత్రిక ఖాతాలతో సహా రెండువందల యాభైకి పైగా ఒక్క రోజులో కనిపించకుండా పోయాయి. కేంద్రం ఉన్న వేదికలో ఇది ఎంత సులభమో చూడండి. కేంద్రం లేకపోతే ఉత్తర్వు ఎవరికిస్తారు? 2023 మేలో ఈ ప్రశ్నకు జవాబు దొరికింది. జమ్మూకాశ్మీర్‌లో ఉగ్రవాదులు వాడుతున్నారన్న కారణం చూపి 14 సందేశ యాప్‌లను నిషేధించారు. వాటిలో ఎలిమెంట్, బ్రయర్ ఉన్నాయి. రెండూ కేంద్రం లేని పద్ధతిలో పనిచేసేవే. మొదటిదాన్ని మన దేశంలోని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు కూడా వాడేవారు. ఉత్తర్వు నేరుగా తలుపు మీదే పడింది. అయితే ఎలిమెంట్ ఒక తలుపు మాత్రమే. దాని వెనక ఉన్న మేట్రిక్స్ పద్ధతికి వేరే తలుపులున్నాయి. 2025 ఏప్రిల్‌లో బ్లూస్కై కంపెనీ టర్కీ ప్రభుత్వం అడిగిందని కొన్ని ఖాతాలను ఆ దేశంలో కనిపించకుండా చేసినప్పుడు కూడా ఇదే జరిగింది. కంపెనీ సొంత యాప్‌లో అవి కనిపించలేదు. అదే పద్ధతి మీద ఇతరులు కట్టిన యాప్‌లలో కనిపించాయి. ఆ ఇతర యాప్‌లు ఉన్నట్టు తెలిసిన టర్కీ పాఠకులు ఎంతమంది అన్నది వేరే సంగతి.

మాస్టడాన్ మనకు పనికివస్తుందా అని ఈ మధ్య యువ రచయితలు అడుగుతున్నారు. సర్వరు అద్దె నెలకు ఎంత అని అడిగినంత సులభంగా, ఫిర్యాదులు ఎవరు చదువుతారు, ఆయన అలిసిపోతే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు, పదేళ్ళ రాతల ప్రతి ఏ ఊళ్ళో ఏ బీరువాలో ఉంటుంది అని ఎవరూ అడగడం లేదు. చిన్న పత్రికలు నడిపినవాళ్ళకు ఈ ప్రశ్నలు తెలుసు. చందాల పుస్తకం, తపాలా బిళ్ళల ఖర్చు, పాత సంచికల కట్టలు ఎవరి అటక మీద ఉన్నాయన్న బెంగ, ఇవన్నీ వాళ్ళ బతుకులో భాగం. సాంకేతిక పరిజ్ఞానం ఉన్న కుర్రవాళ్ళు, ఈ పాత సంపాదకులు ఒక గదిలో కూర్చుని మాట్లాడుకున్నది ఇంతవరకు నేను చూడలేదు.

యూజ్‌నెట్ ఇంకా పూర్తిగా చావలేదు. పెద్ద కంపెనీలన్నీ వదిలేసిన తర్వాత కూడా కొందరు స్వచ్ఛందంగా సర్వర్లు నడుపుతున్నారు. వాటిలో జర్మనీ నుంచి నడిచే ఒకటి, బొమ్మలూ సినిమాలూ లేకుండా అక్షరాలను మాత్రమే, ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకుండా, అడిగినవాళ్ళకు అందిస్తుంది. దాని పేరు అంతులేని సెప్టెంబరు.